యుద్ధకాలపు లైంగిక హింస, అంతర్జాతీయ న్యాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోని కళాశాలల్లోనూ, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు వైపు జరిగిన న్యాయ అవగాహన తరగతుల్లోనూ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, పారా లీగల్ వాలంటీర్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. సమాధానాలు రాసినవారు కోర్టు పనిలో ఉన్నవారే గనుక చట్టం పాలు కొంత ఎక్కువగానే ఉంటుంది. జరిగిన హింసను వర్ణించడం మా ఉద్దేశం కాదు; చట్టం అర్థం కావడానికి ఎంత అవసరమో అంతే ప్రస్తావించాము.

యుద్ధాలు ఎక్కడో జరుగుతుంటే తిరుపతిలో ఉన్న మనకు ఈ విషయంతో ఏమి సంబంధం?

సూళ్లూరుపేట మీదుగా చెన్నై దారి పట్టి రాష్ట్ర సరిహద్దు దాటితే వచ్చే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం ఉంది. హైదరాబాదు శివారు బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. ఈ రెండు సమూహాలు వదిలివచ్చిన నేలల్లో స్త్రీలపైనా, నిర్బంధంలో ఉన్న పురుషులపైనా లైంగిక హింస జరిగిందని ఐక్యరాజ్యసమితి విచారణ నివేదికలు నమోదు చేశాయి. తిరుపతి ఆసుపత్రిలో పనిచేసే నర్సుకో, చిత్తూరు కోర్టులో వకాల్తా వేసే న్యాయవాదికో, తమిళం, తెలుగు రెండూ ఇంటి భాషలైన మన సరిహద్దు మండలాల అమ్మాయికో అలాంటి మనిషి ఎదురుపడటం అసాధ్యమేమీ కాదు. ఎదురుపడిన రోజున మొదట విన్నవారు ఎలా విన్నారు, ఏమి రాసుకున్నారు అన్నదాని మీద ఆ తరువాత నడిచే కేసు బలం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ పుట రాయడానికి అసలు కారణం అదే.

లైంగిక హింస అంటే అత్యాచారం ఒక్కటేనా?

కాదు. 1998 జూలై 17న ఆమోదం పొంది, 2002 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన రోమ్ శాసనం (అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని నెలకొల్పిన ఒప్పందం) అత్యాచారంతో పాటు లైంగిక బానిసత్వం, బలవంతపు వ్యభిచారం, బలవంతపు గర్భధారణ, బలవంతంగా సంతానం కలగకుండా చేయడం, అంతటి తీవ్రత గల ఇతర లైంగిక హింసలను విడివిడిగా పేర్కొంటుంది. పౌరులపై విస్తృతంగానో పథకం ప్రకారమో జరిగిన దాడిలో భాగమైతే అవి మానవాళిపై నేరాలవుతాయి. సాయుధ పోరాటంలో భాగంగా జరిగితే యుద్ధ నేరాలవుతాయి. ఒక జాతిని లేదా మత సమూహాన్ని రూపుమాపాలన్న ఉద్దేశంతో జరిగితే జాతి నిర్మూలన కిందికి కూడా వస్తాయి. ఒకే చర్య ఈ మూడింటి కిందికీ రావచ్చు.

బాధితులు స్త్రీలే అయి ఉండాలన్న నియమం ఏ నిర్వచనంలోనూ లేదు. బోస్నియా తదితర ప్రాంతాల్లో 1990లలో జరిగిన యుద్ధ నేరాల కోసం ఏర్పడిన మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్ నడిపిన మొట్టమొదటి విచారణలోనే, అంటే టాడిచ్ కేసులో, నిర్బంధ శిబిరంలోని పురుషులపై జరిగిన లైంగిక హింస గురించి సాక్ష్యం వచ్చింది. మగవారు ఈ మాట బయటపెట్టడం ఇంకా కష్టమని మా అనుభవం.

మీరు 'మానభంగం' అనే మాట ఎందుకు వాడరు? పత్రికల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నదే కదా?

ఈ ప్రశ్నకు కొంచెం నిదానంగా సమాధానం చెప్పవలసి ఉంది, ఎందుకంటే అంతర్జాతీయ చట్టం కూడా ఇదే మాట దగ్గర చాలా కాలం ఇరుక్కుపోయింది. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందంలోని 27వ అధికరణ స్త్రీల 'గౌరవం'పై జరిగే దాడి నుంచి, ముఖ్యంగా అత్యాచారం, బలవంతపు వ్యభిచారం నుంచి వారికి ప్రత్యేక రక్షణ కల్పించాలని చెప్పింది. రక్షణ మంచిదే, కాని ఆ వాక్యం ప్రకారం దెబ్బ తగిలింది ఆమె శరీరానికి గాక ఆమె పరువుకు. పరువు అన్న తరువాత అది ఆమె ఒక్కదానిదే అవదు, ఇంటిది, కులానిది, ఊరిదవుతుంది. దాన్ని తీయాలనుకున్న శత్రువుకు ఆమె శరీరం దగ్గరి దారి అవుతుంది. దాన్ని కాపాడుకోవాలనుకున్న సొంతవాళ్లకు ఆమె నోరు మూయించడం దగ్గరి దారి అవుతుంది.

మన భాషలో 'మానభంగం' ఆ పనే చేస్తుంది. 'చెరచడం' అన్నా చెడిపోయేటట్లు చేయడమనే అర్థం. చెడిపోయింది ఎవరని అడిగితే వాక్యంలో ఆమె తప్ప మరొకరు కనిపించరు. పుత్తూరు దగ్గర ఒక తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, 'ఆ మాట బయటికొస్తే పిల్లకు పెండ్లి ఎట్లవుతుంది నాయనా, మీ కోర్టు వచ్చి చేస్తుందా?' అని అడిగింది. చేయదు. ఆమె అడిగినదానికి ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. అయితే మాట మార్చుకోవడం మన చేతిలో ఉన్న పని గనుక 'అత్యాచారం', 'లైంగిక దాడి' అని రాస్తాము. 'బాధితురాలు' అన్న మాట చట్టంలో ఉన్నందువల్ల వాడుతున్నాము. 'బతికి బయటపడినవారు' అని పిలవమని కోరేవారిని అలాగే పిలుస్తాము.

బంగ్లాదేశ్ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1971 యుద్ధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలను షేక్ ముజీబుర్ రహ్మాన్ ప్రభుత్వం 'వీరాంగన'లని గౌరవించింది. అంత గొప్ప బిరుదు కూడా సమాజం నోటిలో పడి ఎంతోమంది స్త్రీలకు మచ్చగా మారింది. వారిని స్వాతంత్ర్య యోధులుగా అధికారిక జాబితాలో చేర్చడం 2015లో గాని మొదలుకాలేదు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి విచారణల్లో ఈ నేరాలకు శిక్షలు పడలేదా?

చాలా తక్కువగా పడ్డాయి. నాజీ నాయకులను విచారించిన నూరెంబర్గ్ ట్రిబ్యునల్ శాసనంలో అత్యాచారమన్న మాటే లేదు. జపాన్ నాయకులను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ చైనాలోని నాంజింగ్ నగరంలో జరిగిన అత్యాచారాల సాక్ష్యాలను స్వీకరించింది గాని, కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా తదితర ప్రాంతాల స్త్రీలను జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా ఉంచుకున్న వ్యవస్థపై అభియోగమే మోపలేదు. 1948లో బటావియాలో (ఇప్పటి జకార్తా) డచ్ సైనిక న్యాయస్థానం కొందరు జపాన్ అధికారులను శిక్షించింది. ఆ కేసులో లెక్కలోకి వచ్చినవారు డచ్ స్త్రీలు. అదే నేల మీద అదే బాధకు గురైన ఇండోనేషియా స్త్రీలకు ఆ న్యాయం అందలేదు.

1991 ఆగస్టు 14న దక్షిణ కొరియాలో ఆ బానిసత్వాన్ని అనుభవించిన కిమ్ హక్ సున్ అనే స్త్రీ తన పేరు, ముఖం దాచుకోకుండా మాట్లాడేవరకు, అంటే యుద్ధం ముగిసిన 46 ఏళ్ల దాకా, ఈ విషయం ప్రపంచం ముందుకు గట్టిగా రాలేదు.

మరి మార్పు ఎప్పుడు, ఎలా వచ్చింది?

రువాండా ట్రిబ్యునల్ తీర్పుతో వచ్చిందని చెప్పవచ్చు. ఆఫ్రికాలోని రువాండాలో 1994లో టుట్సీలపై జరిగిన జాతి నిర్మూలనను విచారించడానికి అదే ఏడాది నవంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి నెలకొల్పిన ఈ ట్రిబ్యునల్ టాంజానియాలోని అరుషా పట్టణంలో పనిచేసింది. దాని ముందుకు వచ్చిన నిందితుడు ఝాన్ పాల్ అకాయేసు టాబా అనే ప్రాంతానికి పాలనాధికారి, మన లెక్కలో మేయరు వంటివాడు. అతనిపై మొదట వేసిన అభియోగ పత్రంలో హత్యలు, జాతి నిర్మూలన ఉన్నాయి గాని లైంగిక హింస లేదు. దర్యాప్తు అధికారులు ఆ విషయం అడగలేదు, అందువల్ల ఎవరూ చెప్పలేదు. 1997 జనవరిలో వేరే సంగతి గురించి సాక్ష్యం చెబుతున్న ఒక తల్లి, తన ఆరేళ్ల కూతురిపై ముగ్గురు అత్యాచారం చేశారని మాటల మధ్యలో చెప్పింది. న్యాయమూర్తులు ఆ మాటను దాటవేయనివ్వలేదు. తరువాత వచ్చిన మరొక సాక్షి కూడా ఆ పాలనా కార్యాలయం దగ్గర జరిగిన అత్యాచారాల గురించి చెప్పింది. ప్రాసిక్యూషన్ మళ్లీ దర్యాప్తు చేసి 1997 జూన్‌లో అభియోగ పత్రాన్ని సవరించింది.

1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, జాతి నిర్మూలన నేరానికి ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఒక వ్యక్తిని దోషిగా తేల్చిన మొదటి తీర్పు. ఒక సమూహాన్ని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసిన అత్యాచారం జాతి నిర్మూలనలో భాగమేనని చెప్పిన మొదటి తీర్పు కూడా అదే. అకాయేసు స్వయంగా ఎవరిపైనా అత్యాచారం చేశాడని ఆరోపణ లేదు; తన అధికారం కింద ఉన్న చోట తన కళ్ల ముందు జరుగుతుంటే ప్రోత్సహించినందుకు అతడు బాధ్యుడయ్యాడు. జీవిత ఖైదు పడింది.

ఈ తీర్పులో మా తరగతుల్లో తప్పకుండా చదివించే భాగమొకటి ఉంది. సాక్షులు మాట్లాడిన కిన్యార్వాండా భాషలో ఈ చర్యను సూచించే మాటలు నాలుగైదు ఉన్నాయి, ఏవీ సూటిగా ఉండవు. ఏ మాటకు సందర్భాన్ని బట్టి ఏ అర్థం వస్తుందో న్యాయమూర్తులు తీర్పులోనే చర్చించి, దుబాసీల అనువాదాన్ని తూచి చూశారు. 'వాళ్లు నన్ను పాడు చేసినారు' అని ఒక స్త్రీ తెలుగులో చెబితే దాన్ని కాగితం మీద ఎలా రాయాలన్న ప్రశ్న మనకూ ఎదురవుతుంది.

ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళ నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టిన తమిళ సంతతి న్యాయమూర్తి. 1860 తరువాత డర్బన్ చుట్టుపక్కల చెరకు తోటలకు ఒప్పంద కూలీలు పెద్ద సంఖ్యలో వెళ్లింది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి. 1911 దాకా ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. విషయానికి ఇది అంతగా అవసరం లేదు గాని, ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో పిలకాయలు ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు.

బోస్నియా కేసుల ప్రాముఖ్యం ఏమిటి?

1993లో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఏర్పడిన మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్, బోస్నియాలోని ఫోచా పట్టణానికి సంబంధించి 2001 ఫిబ్రవరి 22న కునారాచ్, కోవాచ్, వుకోవిచ్ అనే ముగ్గురికి వరుసగా 28, 20, 12 ఏళ్ల శిక్షలు వేసింది. స్త్రీలను, బాలికలను ఇళ్లల్లో నిర్బంధించి లైంగికంగా వాడుకోవడం బానిసత్వమేనని, అది మానవాళిపై నేరమని ఈ తీర్పు స్థిరపరిచింది. తాళం వేయకపోయినా, పారిపోవడానికి చోటు లేని యుద్ధభూమిలో తెరిచి ఉన్న తలుపు స్వేచ్ఛ కాదని గుర్తించింది. 'మరి ఎందుకు పారిపోలేదు?' అన్న ప్రశ్న మన కోర్టుల్లో ఇప్పటికీ వినపడుతుంది గనుక ఈ తీర్పును దగ్గర ఉంచుకోవడం మంచిది.

అంతర్జాతీయ న్యాయస్థానం, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒకటేనా?

రెండూ హేగ్‌లోనే ఉన్నా వేర్వేరు. మొదటిది దేశాల మధ్య వివాదాలు వింటుంది. ఎవరినీ జైలుకు పంపే అధికారం దానికి లేదు. మయన్మార్‌పై ఆఫ్రికా దేశమైన గాంబియా 2019 నవంబరులో వేసిన జాతి నిర్మూలన వ్యాజ్యం అక్కడిది. 2020 జనవరి 23న ఆ న్యాయస్థానం మధ్యంతర ఆదేశాలిచ్చింది. రెండవది వ్యక్తులను విచారించి శిక్షిస్తుంది. పేరు విని పొరబడే మూడవది కూడా ఉంది: ఢాకాలోని 'అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్' 1973 నాటి చట్టం కింద 2010లో ఏర్పడిన బంగ్లాదేశ్ దేశీయ న్యాయస్థానం. 1971 నేరాలపై అది తీర్పులిచ్చింది. విచారణ పద్ధతిపైనా, మరణశిక్షలపైనా మానవ హక్కుల సంస్థల విమర్శలనూ ఎదుర్కొంది. బాధితుల కోసం నడిపే విచారణలో నిందితుడి హక్కులకు లోపం జరిగితే ఆ తీర్పు చివరికి బాధితులకే బరువవుతుందని మా అభిప్రాయం.

బాధితులు నేరుగా హేగ్‌కు ఫిర్యాదు పంపవచ్చా?

అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి సమాచారం ఎవరైనా పంపవచ్చు; అయితే పంపినంత మాత్రాన కేసు నమోదు కాదు. మన పోలీసు స్టేషనులో ఇచ్చే ఫిర్యాదుతో దీన్ని పోల్చకూడదు. రోమ్ శాసనంలో చేరిన సభ్య దేశం కోరినప్పుడు, భద్రతా మండలి అప్పగించినప్పుడు, లేదా న్యాయమూర్తుల అనుమతితో ప్రాసిక్యూటరు స్వయంగా పూనుకున్నప్పుడు మాత్రమే దర్యాప్తు మొదలవుతుంది. నేరం 2002 జూలై 1 తరువాత జరిగి ఉండాలి. మండలి అప్పగించిన సందర్భాల్లో తప్ప, సభ్య దేశపు నేల మీద గాని, సభ్య దేశపు పౌరుని చేతిలో గాని జరిగి ఉండాలి. ఆ దేశపు సొంత కోర్టులు నిజాయతీగా విచారించలేని లేదా విచారించదలచుకోని పరిస్థితి ఉండాలి.

రోహింగ్యాల విషయంలో ఇక్కడొక దారి దొరికింది. మయన్మార్ సభ్య దేశం కాదు గాని బంగ్లాదేశ్ సభ్య దేశం. ప్రజలను తరిమివేయడమనే నేరం సరిహద్దు దాటిన తరువాతే పూర్తవుతుంది గనుక ఆ నేరంలో కొంత భాగం బంగ్లాదేశ్ నేల మీద జరిగినట్టేనని న్యాయమూర్తులు తేల్చి, 2019 నవంబరు 14న దర్యాప్తుకు అనుమతించారు.

భారతదేశం సభ్య దేశమా?

కాదు. 1998లో రోమ్‌లో జరిగిన ఓటింగులో 120 దేశాలు అనుకూలంగా, 7 వ్యతిరేకంగా ఓటేయగా, తటస్థంగా ఉన్న 21 దేశాల్లో భారతదేశం ఒకటి. భద్రతా మండలికి ఆ న్యాయస్థానంపై ఇచ్చిన అధికారాలు, అణ్వాయుధాల వాడకాన్ని నేరాల జాబితాలో చేర్చకపోవడం మన ప్రభుత్వం చెప్పిన అభ్యంతరాల్లో ఉన్నాయి. వాటిలో బలం లేదనలేము.

అయితే మన దేశంలో ఇలాంటి నేరం జరిగితే ఏ చట్టం ఉంది?

మానవాళిపై నేరాలు, జాతి నిర్మూలన అన్న పేర్లతో మన శిక్షాస్మృతిలో నేరాలు లేవు. 1984 నాటి సిక్కుల ఊచకోతకు సంబంధించి సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో ఈ లోటును ఎత్తిచూపి, వెంటనే పూరించాలని చెప్పింది. ఆ తరువాత భారతీయ న్యాయ సంహిత వచ్చి 2024 జూలై 1 నుంచి అమలవుతున్నా ఈ లోటు అలాగే ఉంది. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది గాని, దాని కింద ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప కేసు స్వీకరించే అధికారం ఏ కోర్టుకూ లేదు.

ఉన్నంతలో, న్యాయ సంహిత 64వ సెక్షను మోహరించిన ప్రాంతంలో సాయుధ బలగాల సభ్యుడు చేసిన అత్యాచారాన్ని, మతకలహాల సమయంలో జరిగిన అత్యాచారాన్ని ప్రత్యేకంగా పేర్కొని కనీసం 10 ఏళ్ల కఠిన శిక్ష విధిస్తుంది. ఆచరణ వేరు. విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో పోలీసు బలగాలు తమపై సామూహిక అత్యాచారం చేశాయని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెడుతూనే, దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరు 29న మద్రాసు హైకోర్టు, ధర్మపురి జిల్లా వాచాత్తి గ్రామంలో 1992లో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది సాగించిన దాడికి కింది కోర్టు వేసిన శిక్షలను ఖరారు చేసింది. అక్కడ 18 మంది స్త్రీలపై అత్యాచారం జరిగింది. వాచాత్తి, వాకపల్లి రెండూ యుద్ధభూములు కావు. అయినా సాయుధుడైన మనిషి వెనుక ప్రభుత్వం నిలబడినప్పుడు సాక్ష్యం ఏమవుతుందో తెలుసుకోవడానికి మనకు దగ్గరగా ఉన్న పాఠాలు ఇవే.

కోర్టులో ఆమె గత జీవితం గురించి తవ్వుతారా?

అంతర్జాతీయ నేర న్యాయస్థానపు నియమాలు దీన్ని చాలావరకు అడ్డుకుంటాయి. లైంగిక నేరాన్ని నిరూపించడానికి మరొకరి సాక్ష్యం తోడు ఉండి తీరాలని అడగకూడదు. ఆమె మౌనంగా ఉందనో, ప్రతిఘటించలేదనో ఒప్పుకున్నట్టు భావించకూడదు. పూర్వపు లైంగిక జీవితం గురించి సాక్ష్యం స్వీకరించకూడదు. అవసరమైతే మారుపేరుతో, ముఖం, గొంతు గుర్తుపట్టకుండా మార్చి, వీడియో ద్వారా సాక్ష్యం తీసుకుంటారు. మన దగ్గర కూడా బాధితురాలి పేరు, గుర్తింపు వెల్లడించడం న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. విచారణ మూసిన గదిలో జరగాలి. ఆమెకు పూర్వపు లైంగిక అనుభవం ఉందేమో చూడటానికంటూ చేసే రెండు వేళ్ల పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లోనూ, మళ్లీ 2022లోనూ స్పష్టంగా చెప్పింది. ఒకే మాట తొమ్మిదేళ్ల తేడాతో రెండుసార్లు చెప్పవలసి వచ్చిందన్నది గమనించండి.

ఇన్నేళ్లు పోరాడాక అప్పీలులో కేసు కొట్టివేస్తే?

అలా జరిగింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో తన సేనలు చేసిన అత్యాచారాలకు సేనాధిపతిగా బాధ్యుడని కాంగోకు చెందిన ఝాన్ పియేర్ బెంబాకు అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో 2016లో 18 ఏళ్ల శిక్ష పడింది. ఆ కేసులో 5,000 మందికి పైగా బాధితులు న్యాయవాదుల ద్వారా పాలుపంచుకున్నారు. 2018 జూన్ 8న అప్పీలు న్యాయమూర్తులు మూడు, రెండు ఓట్ల తేడాతో అతడిని నిర్దోషిగా తేల్చారు. ఆ తరువాత వచ్చిన తీర్పులు నిలిచాయి: కాంగోకు చెందిన బోస్కో ఎంటగాండాకు 30 ఏళ్లు, ఉగాండాకు చెందిన డొమినిక్ ఓంగ్వెన్‌కు 25 ఏళ్లు. ఓంగ్వెన్ తీర్పులో బలవంతపు పెళ్లి, బలవంతపు గర్భధారణ కూడా ఉన్నాయి. ఎవరికైనా సహాయం చేసేటప్పుడు 'శిక్ష తప్పకుండా పడుతుంది' అని మాత్రం మాట ఇవ్వకండి.

హేగ్ కాకుండా వేరే దారులు ఉన్నాయా?

కొన్ని దేశాల చట్టాల ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా, ఎవరు చేసినా తమ కోర్టుల్లో విచారించవచ్చు. 2021 నవంబరు 30న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఇరాక్‌కు చెందిన ఐసిస్ తీవ్రవాద సంస్థ సభ్యుడొకడికి, ఇరాక్‌లోని చిన్న మతవర్గమైన యజీదీలపై జాతి నిర్మూలన నేరానికి జీవిత ఖైదు వేసింది. బానిసగా కొన్న ఐదేళ్ల యజీదీ పాపను ఎండలో కట్టివేసి చంపిన కేసు అది. పాప తల్లి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పింది. నేరస్థుడు ఏ దేశంలో అడుగుపెడితే ఆ దేశంలో దొరికే అవకాశం ఉన్నందువల్ల, పదేళ్ల కిందటి వాంగ్మూలమైనా భద్రంగా ఉంటే ఒకరోజు పనికివస్తుంది.

నష్టపరిహారం ఎవరు ఇస్తారు? డబ్బు తీసుకుంటే న్యాయం అమ్ముకున్నట్టు కాదా?

శిక్ష పడిన వ్యక్తే చెల్లించాలి. అతని దగ్గర సాధారణంగా ఏమీ మిగలదు గనుక రోమ్ శాసనం కింద ఏర్పడిన బాధితుల నిధి ఆ భారాన్ని విరాళాల నుంచి మోయడానికి ప్రయత్నిస్తుంది. ఎంటగాండా కేసులో 2021లో 3 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించారు. నిర్ణయించడానికీ చేతికి అందడానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఇరాక్ పార్లమెంటు 2021 మార్చిలో యజీదీ తదితర వర్గాల స్త్రీల కోసం పింఛను, వైద్యం, నివాసంతో కూడిన చట్టం చేసింది. 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న కాంగో వైద్యుడు డెనిస్ ముక్వేగే, యజీదీ యువతి నాదియా మురాద్ ఆ మరుసటి ఏడాది బతికి బయటపడినవారి కోసం ఒక అంతర్జాతీయ నిధిని స్థాపించారు.

రెండవ ప్రశ్నకు, జపాన్ సైన్యపు లైంగిక బానిసత్వం నుంచి బతికి బయటపడిన కొరియా వృద్ధురాళ్లు ఇచ్చిన జవాబు గుర్తు చేసుకోవాలి. 1995లో జపాన్‌లో విరాళాలతో ఏర్పడిన నిధి ఇవ్వజూపిన డబ్బును వారిలో చాలామంది నిరాకరించారు. ప్రభుత్వం తన చట్టపరమైన బాధ్యతను ఒప్పుకుని ఇవ్వాలని పట్టుబట్టారు. తీసుకున్నవారూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టే హక్కు మనకు లేదు. వైద్యానికీ, పిల్లల చదువుకూ డబ్బు కావలసిన మనిషికి అది భిక్ష కాదు.

బాధితుల సంఖ్య మీరు ఎక్కడా చెప్పరేమి?

1971 బంగ్లాదేశ్ యుద్ధానికి రెండు లక్షలనీ, నాలుగు లక్షలనీ చెబుతారు. ఆ అంకెలపై చరిత్రకారుల్లో వివాదం ఉంది. అంకె మీద వాదన మొదలైతే మనిషి పక్కకు పోతుంది.

వీడియోలు, ఫొటోలు పంచుకుంటే ప్రపంచం కళ్లు తెరుస్తుంది కదా?

మణిపూర్‌లో 2023 మే 4న స్త్రీలపై జరిగిన దారుణం జూలైలో వీడియో బయటికి వచ్చిన తరువాతే దేశాన్ని కదిలించిందన్నది నిజం. సుప్రీంకోర్టు తనంతట తానుగా స్పందించి, తరువాత ముగ్గురు మాజీ మహిళా న్యాయమూర్తులతో కమిటీ వేసింది. అంతవరకూ ఎవరూ కదలకపోవడం వ్యవస్థ తప్పు. ఆ తప్పుకు మూల్యంగా ఆ స్త్రీల అవమానం కోట్ల ఫోన్లలో తిరిగింది. మీ ఫోనుకు అలాంటిది వస్తే ఎవరికీ పంపకండి. అది సాక్ష్యమని అనిపిస్తే ఎవరు, ఎప్పుడు పంపారో రాసిపెట్టుకుని, కత్తిరించకుండా, మార్చకుండా దర్యాప్తు అధికారికో న్యాయవాదికో అందజేయండి.

ఒక శరణార్థి స్త్రీ నాతో తన కథ చెప్పుకుంది. నేను ఏమి చేయాలి?

ముందు వైద్యం. దాడి జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్ఐవీ సోకకుండా మందులు మొదలుపెట్టవచ్చు; గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, ఐదు రోజుల్లోపు వేసుకోవాలి. అత్యాచార బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతుంది. పౌరసత్వం చూపించమని ఆ నిబంధన అడగదు. ఏళ్ల కిందటి దాడి అయినా నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి, కారణం తెలియని భయం వంటివి ఉంటే వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లండి.

తరువాత వినడం. ఆమె చెప్పినంత వినండి, చెప్పనిది అడగకండి. కూపీ లాగడం మీ పని కాదు. ఒక కేసులో ఒక స్త్రీ వాంగ్మూలాన్ని మూడు చోట్ల ముగ్గురు తీసుకోగా, మూడింటిలో తేదీలు మూడు రకాలుగా పడి, ఎదుటి న్యాయవాదికి అదే ఆయుధమైంది. ఆ ముగ్గురిలో ఒకరికి ఈ పుట రాసినవారే శిక్షణ ఇచ్చారని ఒప్పుకోవాలి. అందుకే మురాద్ పేరుతో 2022లో వచ్చిన ప్రవర్తనా నియమావళి, వేరొకరు ఇప్పటికే వాంగ్మూలం తీసుకున్నారా అని ముందుగా తెలుసుకోమంటుంది. తీసుకుని ఉంటే వీలైనంతవరకు మళ్లీ తీసుకోవద్దంటుంది. ఏదైనా రాసుకోవలసి వస్తే ఆమె వాడిన మాటనే, ఆమె భాషలోనే రాయండి. 'పాడు చేసినారు' అంటే దాన్ని మీ సొంత చట్టపు మాటలోకి మార్చకండి. దుబాసీ కావలసి వస్తే ఆమె బంధువును గాని, అదే శిబిరం మనిషిని గాని పెట్టకండి. ఫోనులో రికార్డు చేయకండి. 'అక్కా, నీవు ఆపమంటే ఆపేస్తాను' అని మొదట్లోనే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఆ తరువాత చట్టం. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా సంస్థ కార్యాలయానికి వెళ్లవచ్చు. 181కి ఫోను చేస్తే హింసకు గురైన స్త్రీలకు సాయమంతా ఒకేచోట అందించే జిల్లాలోని వన్ స్టాప్ సెంటరుకు కలుపుతారు. శరణార్థుల విషయాలకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఢిల్లీలోనూ చెన్నైలోనూ ఉంది.

ఆమె 18 ఏళ్ల లోపు పిల్ల అయితే?

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ సంగతి ఆ పిల్లకు ముందే చెప్పాలి.

పెద్దదై ఉండి, కేసు వద్దంటే?

వద్దన్నట్టే. ఆమె కుటుంబం వద్దనడం వేరు, ఆమె వద్దనడం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి ఒక్కసారి ఆమెతో ఒంటరిగా మాట్లాడండి, అంతకు మించి ఒత్తిడి చేయకండి. రోమ్ శాసనం పరిధిలోని నేరాలకు కాలపరిమితి లేదని, ఇప్పుడు వద్దన్నా పదేళ్ల తరువాత కావాలనవచ్చని చెప్పండి. వైద్య పరీక్షల కాగితాలు ఉంటే నకలు తీసి ఒక కవరులో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి. మీ దగ్గర నకలు ఉంచుకోవాలంటే ఆమెను అడగండి. వద్దంటే ఆమె ముందే చించివేయండి.